గ్వెన్‌ను చంపిందెవరు?

న్యూయార్క్‌లో ఓ ఎత్తైన వంతెన. దాని స్తంభం చిట్టచివర స్పృహ లేకుండా పడి ఉన్న అమ్మాయి. ఎగిరే యంత్రం మీద నిలబడి వెకిలిగా నవ్వుతున్న విలన్. ఎదురుగా ఎరుపూ నీలం దుస్తుల్లో హీరో. కొట్లాట ముదిరింది. విలన్ ఒక్క ఊపున అమ్మాయిని వంతెన మీంచి కిందకి పడేశాడు. హీరో చెయ్యి చాచాడు. మణికట్టు దగ్గర్నుంచి సర్రున దూసుకెళ్లిన సాలెపోగు, గాల్లో ఉండగానే ఆ అమ్మాయి కాళ్లను చుట్టేసింది. పడిపోవడం ఆగింది. హమ్మయ్య!

తన తెలివికి తానే మురిసిపోతూ, ఆమెతో సరదాగా మాట్లాడుతూ పైకి లాగాడు హీరో. చేతుల్లోకి తీసుకున్నాకగానీ తెలియలేదు... ఆమె ప్రాణాలతో లేదని.

అమెరికాలో మార్వెల్ కంపెనీ వేసే 'ద అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' కామిక్ 121వ సంచికలోని ఘట్టం ఇది. 1973 జూన్ సంచిక. రాసింది జెర్రీ కాన్వే, బొమ్మలు గిల్ కేన్. ఆ అమ్మాయి పేరు గ్వెన్ స్టేసీ. స్పైడర్‌మ్యాన్ ముసుగు తీస్తే కనిపించే పీటర్ పార్కర్ అనే కుర్రాడు ప్రాణంగా ప్రేమించిన పిల్ల. విలన్ పేరు గ్రీన్ గాబ్లిన్. అన్నట్టు, కథలో దాన్ని జార్జ్ వాషింగ్టన్ వంతెన అని రాశారు, బొమ్మేమో అచ్చం బ్రూక్లిన్ వంతెనలా ఉంటుంది. ఆ పొరపాటు మీద అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు.

అప్పటిదాకా కామిక్స్‌లో ఓ లెక్క ఉండేది. హీరోయిన్ ఎంత ఎత్తునుంచి పడినా ఫరవాలేదు. ఆఖరి నిమిషంలో హీరో వస్తాడు, పట్టుకుంటాడు, కథ కంచికి. పిల్లలు నిశ్చింతగా పేజీ తిప్పేసేవాళ్లు. ఆ నెల మాత్రం ఆ పేజీ దగ్గరే ఆగిపోయారు. ఎందుకంటే హీరో సమయానికి రాకపోలేదు. గురి తప్పలేదు. సాలెపోగు తెగలేదు. అన్నీ సరిగ్గానే చేశాడు. అయినా గ్వెన్ చనిపోయింది!

శ్రద్ధగా చూసినవాళ్లకి ఇంకోటీ కనిపించింది. పోగు ఆమెను అందుకున్న బొమ్మలో, మెడ పక్కన, చిన్న అక్షరాల్లో ఒక చప్పుడు. ఎండుపుల్ల విరిగినప్పుడు వస్తుందే, అలాంటిది. 'అంటే... మా హీరోనే చంపేశాడా?' అంటూ పాఠకుల ఉత్తరాలు. చివరికి అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 125వ సంచిక ఉత్తరాల పేజీలో సంపాదకుడు రాయ్ థామస్ జవాబు చెప్పాల్సి వచ్చింది. పోగు ఆమెను ఒక్కసారిగా ఆపేయడంతో మెడకు తగిలిన కుదుపే ప్రాణం తీసిందని ఒప్పుకున్నారు.

సంపాదకుడు చెప్పేశాడు సరే. మరి సైన్సు ఏమంటుంది?

పడితే పోరు, ఆగితేనే...

కథలో గ్రీన్ గాబ్లిన్ ఒక మాటంటాడు. నీ పోగు అందుకోక ముందే ఆమె చనిపోయింది, అంత ఎత్తునుంచి పడితే నేల తగలకముందే ప్రాణం పోతుంది అని. విలన్ కదా, అబద్ధమే చెప్పాడు. విమానంలోంచి దూకే స్కైడైవర్లు పారాచూట్ తెరిచేలోపు గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో నిమిషం పాటు పడుతూనే ఉంటారు. గాల్లోనే చేతులు పట్టుకుని వలయాలు కడతారు, కెమెరాకేసి నవ్వుతారు. వేగం మనిషినేమీ చెయ్యదు. ఆ వేగం సున్నా అయ్యే తీరులోనే ఉంది తిరకాసంతా.

ఈ లెక్కను తరగతి గదిలోకి తీసుకెళ్లిన ప్రొఫెసర్ ఒకాయన ఉన్నారు. పేరు జేమ్స్ కకాలియోస్. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెబుతారు. వాలు బల్లల మీద దొర్లే దిమ్మెలు, కప్పీలు, తాళ్లు... ఇలాంటి ఉదాహరణలు చెబితే ఆవులించే కుర్రాళ్లు, సూపర్ హీరోల పేరెత్తగానే నిటారుగా కూర్చోవడం గమనించి ఏకంగా ఓ కోర్సే తయారుచేశారు. 2005లో 'ద ఫిజిక్స్ ఆఫ్ సూపర్ హీరోస్' పేరుతో అది పుస్తకంగానూ వచ్చింది. ఆ తర్వాత 2012 నాటి 'ద అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' సినిమాకి సైన్సు సలహాదారుగా కూడా పనిచేశారాయన. గ్వెన్ మరణం ఆయనకు ఇష్టమైన పాఠం. ఇష్టమైన అనడం బాగోదేమో, తప్పనిసరి పాఠం అందాం.

కాగితం పెన్సిలు తీసుకుంటే మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలు కూడా ఈ లెక్క చేసేయొచ్చు. గ్వెన్ 300 అడుగులు పడింది అనుకుందాం. అంటే 90 మీటర్ల పైచిలుకు. భూమి తనవైపు లాక్కునే ఏ వస్తువైనా సెకను సెకనుకీ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున వేగం పుంజుకుంటుంది. ఆ లెక్కన నాలుగు సెకన్లు దాటేసరికి గ్వెన్ వేగం సెకనుకు 42 మీటర్లు. గంటకు 150 కిలోమీటర్లు! గాలి అడ్డుపడటాన్ని కూడా కలిపితే కాస్త తగ్గుతుంది. 130 అవుతుంది. అయినా హైవే మీద కారు వేగం కంటే ఎక్కువే. తేలిగ్గా ఉంటుందని గాలిని పక్కనపెట్టి 42 దగ్గరే ఉందాం.

ఇప్పుడు పోగు అందుకుంది. అర సెకనులో ఆపేసింది అనుకుందాం. 42 మీటర్ల వేగం అర సెకనులో సున్నా కావాలంటే భూమ్యాకర్షణకు దాదాపు తొమ్మిది రెట్ల కుదుపు కావాలి. ఎటూ ఆమె బరువును కూడా ఆ పోగే మొయ్యాలి కాబట్టి మొత్తం పది రెట్లు. 50 కిలోల అమ్మాయి ఆ అర సెకనుపాటు అర టన్ను బరువు తూగిందన్నమాట.

అర సెకను కూడా కామిక్‌లోని బొమ్మను చూస్తే చాలా ఉదారంగా ఇచ్చిన గడువే. ఎందుకంటే అర సెకనులో ఆగాలన్నా ఆమె ఇంకో పది మీటర్లు కిందకి జారాలి. బొమ్మలో అలాంటిదేమీ లేదు. పోగు చుట్టుకుంది, ఆగింది, అంతే. ఒకవేళ ఆ పోగు ఒక్క మీటరు మాత్రమే సాగింది అనుకుంటే? కుదుపు పది రెట్లు కాదు, 90 రెట్లు! అప్పుడిక ఆ చిన్న అక్షరాల చప్పుడు గురించి అనుమానమే అక్కర్లేదు.

ఇదంతా ఇంటర్ భౌతికశాస్త్రంలో 'ప్రచోదనం' అనే పాఠం. పేరు చూస్తే భయమేస్తుందిగానీ సంగతి క్రికెట్ ఆడే ప్రతి పిల్లాడికీ తెలుసు. పైనుంచి వస్తున్న బంతిని చేతులు బిగబట్టి ఆపితే అరచెయ్యి భగ్గుమంటుంది. అదే బంతితోపాటు చేతుల్ని వెనక్కి లాక్కుంటూ పడితే నొప్పే ఉండదు. బంతి అదే, వేగం అదే. ఆపడానికి తీసుకున్న సమయం మాత్రం వేరు. తోటలో మామిడికాయలు కోసేవాళ్లూ ఇంతే. చెట్టెక్కినవాడు కాయ వదిలితే కింద ఇద్దరు గోనెపట్టా అంచులు పట్టుకుని కాస్త వదులుగా నిలబడతారు. గట్టిగా లాగి పట్టుకుంటే కాయకు దెబ్బ తగులుతుందని వాళ్లకు ఏ ప్రొఫెసరూ చెప్పక్కర్లేదు.

46 రెట్లు తట్టుకున్న డాక్టరు

ఇక్కడో చిక్కుంది. పది రెట్ల కుదుపుకే మనిషి చనిపోతాడా? పోడు. సాక్ష్యం కావాలంటే జాన్ పాల్ స్టాప్ అనే డాక్టరు కథ వినాలి.

స్టాప్ అమెరికా వైమానికదళంలో వైద్యుడు. విమానం కూలినప్పుడు పైలెట్ శరీరం ఎంత కుదుపును తట్టుకోగలదో తేల్చాలనుకున్నాడు. ఇంకొకర్ని బలిపెట్టడం ఇష్టంలేక తానే ఎక్కి కూర్చున్నాడు. దేనిమీద? రైలు పట్టాల్లాంటి వాటి మీద రాకెట్లు తోస్తుంటే దూసుకెళ్లే ఓ బండి మీద! 1954 డిసెంబరు 10న న్యూమెక్సికోలోని హోలోమన్ స్థావరంలో ఆ బండి గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఆ తర్వాత 1.4 సెకన్లలో ఆగిపోయింది. ఆ కొద్దిసేపట్లో ఒక దశలో ఆయన మీద పడిన కుదుపు భూమ్యాకర్షణకు 46 రెట్లు. కళ్లలోకి రక్తం దిగి కాసేపు చూపు పోయింది. చూపు మళ్లీ వచ్చింది. ఆయన 1999 దాకా, 89 ఏళ్లు బతికాడు. కార్లలో సీటు బెల్టులు ఉండి తీరాలని పోరాడినవాళ్లలో ఆయన ముఖ్యుడు.

46 రెట్లకు స్టాప్ బతికితే పది రెట్లకు గ్వెన్ ఎందుకు పోయింది? తేడా కట్టులో ఉంది. స్టాప్‌ను బండికి వెడల్పాటి పట్టీలతో భుజాలు, నడుము, తొడలు కదలకుండా కట్టేశారు. శరీరమంతా కలిసే ఆగింది. గ్వెన్‌ను పట్టుకున్నది కాళ్ల దగ్గర. కాళ్లు ముందు ఆగాయి. ఆ తర్వాత నడుము. అందరికంటే చివర తల! చెర్నాకోలా ఝుళిపిస్తే దెబ్బంతా కొసకే చేరినట్టు. మనిషి తల బరువు నాలుగున్నర, ఐదు కిలోలు ఉంటుంది. పది రెట్ల కుదుపులో అది 45 కిలోల పైమాట. మీటరులో ఆపేస్తే నాలుగు క్వింటాళ్లు. ఆ బరువంతా వేలాడేది ఒక్క మెడ మీద. అదీ స్పృహలో లేని అమ్మాయి మెడ. కండరాలు బిగబట్టుకునే అవకాశం కూడా లేదు.

గుండె కలుక్కుమనే సంగతి ఇంకోటుంది. 1962 ఆగస్టులో స్టాన్‌లీ, స్టీవ్ డిట్కో కలిసి సృష్టించినప్పటి నుంచీ పీటర్ పార్కర్ మామూలు కండల వీరుడు కాదు. సైన్సులో ఫస్టొచ్చే కుర్రాడు. సాలీడు కుట్టడం వల్ల బలం వచ్చిందిగానీ ఆ సాలెపోగు రసాయనాన్నీ, దాన్ని చిమ్మే పరికరాన్నీ ఇంట్లో కూర్చుని సొంతంగా చేసుకున్నవే. ప్రచోదనం పాఠం అతనికి కంఠతా వచ్చే ఉంటుంది. కానీ నాలుగు సెకన్లలో ఎవరికి గుర్తొస్తుంది?

రైలు ఆగింది... ఎవరికీ ఏమీ కాలేదు

2004లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్ 2' సినిమా చూసినవాళ్లకి రైలు సీను గుర్తుండే ఉంటుంది. బ్రేకులు పోయిన రైలు పట్టాలు లేని చోటికి దూసుకుపోతుంటుంది. స్పైడర్‌మ్యాన్ ముందుకొచ్చి రెండు చేతుల్తోనూ ఇరుపక్కల భవనాల మీదకి పోగులు వదిలి, వాటిని పట్టుకుని ఎదురొడ్డి నిలబడతాడు. చొక్కా చిరిగిపోతుంది. ముఖం నొప్పితో మెలితిరుగుతుంది. ఆఖరికి రైలు ఆగుతుంది. హాల్లో ఈలలు!

ఈ సీనును బ్రిటన్‌లోని లీసెస్టర్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విద్యార్థులు ముగ్గురు 2012-13లో లెక్కగట్టారు. నాలుగు పెట్టెల న్యూయార్క్ రైలు, నిండా జనం, సెకనుకు 24 మీటర్ల వేగం. ఆగడానికి పట్టింది 50 సెకన్లు. పోగుల మీద పడిన బలం 3 లక్షల న్యూటన్లని తేల్చారు. అంటే 30 టన్నులు వేలాడదీసినంత. నిజం సాలెపట్టుకి అంత సత్తా ఉందా? ఉందన్నారు వాళ్లు. మడగాస్కర్ అడవుల్లో ఉండే డార్విన్స్ బార్క్ స్పైడర్ అనే సాలీడు నేసే పట్టు, ఇప్పటిదాకా పరీక్షించినవాటిలో అన్నిటికంటే దిట్టమైంది. 2010లోనే లోకానికి తెలిసింది. సినిమాలోని పోగులు దానికి సరిసమానంగా తూగాయి. హాలీవుడ్ వాళ్లకు తెలియకుండానే లెక్క కుదిరిందన్నమాట.

కానీ ఆ సీనులో అసలు వింత పోగు గట్టితనం కాదు, ఆ 50 సెకన్లు. ఆ లెక్కన రైలు సుమారు 600 మీటర్ల దూరం పోయాక ఆగింది. లోపల కూర్చున్నవాళ్లకి తగిలిన కుదుపు, రోజూ స్టేషన్లో బ్రేకు వేసినప్పుడు తగిలేదానికంటే తక్కువే! కిటికీలోంచి చూడకపోతే ఏమీ జరగలేదనుకునేవాళ్లు. టన్నుల కొద్దీ ఇనుమును ఆపితే ఒక్కరికీ గీత పడలేదు. 50 కిలోల అమ్మాయిని ఆపితే ప్రాణం పోయింది. ఆపినవాడు ఒక్కడే, దారమూ ఒక్కటే. అక్కడ చేతిలో 50 సెకన్లున్నాయి, ఇక్కడ లేవు.

ఇంటి మూలన ఉన్న ఇంజినీరు

మరి ఆ పోగు కాస్త మెత్తగా, సాగేలా ఉండి ఉంటే? ఈ ప్రశ్నకు జవాబు మన ఇంటి పెరట్లోనే దొరుకుతుంది. పొద్దున్నే జామచెట్టు కొమ్మల మధ్య మంచుబొట్లతో మెరుస్తుందే, గుండ్రటి సాలెగూడు, దాన్ని ఈసారి చీపురుతో దులిపేసే ముందు ఓ నిమిషం చూడండి.

అందులో ఉన్నది ఒకే రకం దారం కాదు. చక్రం ఆకుల్లా మధ్యనుంచి బయటికి వెళ్లే పోగులు ఒక రకం. గట్టివి. సుమారు 30 శాతం మాత్రమే సాగుతాయి. సాలీడు తాను వేలాడటానికి వాడేదీ ఇలాంటి పోగే. వాటిమీద గుండ్రంగా తిరిగే జిగట పోగులు ఇంకో రకం. ఇవి మొదటి పొడవుకి మరో రెండింతల పైన సాగుతాయి. ఎందుకలా? వేగంగా వచ్చిన ఈగ గట్టి దారానికి తగిలితే తెంపుకుని పోతుంది, లేదా తిరిగి ఎగిరిపడుతుంది. సాగే దారమైతే మెల్లగా లోపలికి తీసుకుని ఆపుతుంది. అంతేకాదు, రబ్బరులా తిరిగి విసిరికొట్టదు కూడా. ఈగ తెచ్చిన శక్తిలో చాలాభాగాన్ని వేడిగా మార్చి ఖర్చుపెట్టేస్తుంది. కొన్ని సాలీళ్లు ఏడు రకాల దాకా పట్టు తయారుచేస్తాయి. మన హీరో దగ్గర ఉన్నది ఒక్క రకమే. ఈ విషయంలో జామచెట్టు మీది సాలీడే నయం.

సరదాకి ఇంకో లెక్క. గ్వెన్‌ను పట్టుకున్నది 30 శాతం సాగే మామూలు సాలెపట్టే అయ్యుంటే? 90 మీటర్లు పడితే పోగు పొడవూ 90 మీటర్లే. అందులో 30 శాతమంటే 27 మీటర్లు. ఆ 27 మీటర్ల మేర ఒకే తీరుగా ఆగుతూ వెళ్తే, శరీర బరువుతో కలిపినా నాలుగు రెట్లకు కాస్త పైన! ఊహించని మలుపేంటంటే, 90కి బదులు 60 మీటర్లు పడినా, 30 మీటర్లు పడినా ఇదే నాలుగు. ఎక్కువ పడితే దారమూ ఎక్కువే ఉంటుంది, సాగడమూ ఎక్కువే కాబట్టి. కొండలెక్కేవాళ్లకి ఈ సూత్రం తెలుసు. పడితే ఆపడానికి వాళ్లు కట్టుకునే తాడు వేరు, సామాను లాగే తాడు వేరు. మొదటిది సాగుతుంది. రెండోది సాగదు. పొరపాటున రెండోది కట్టుకుని పడ్డారో, తాడు తెగదు, మనిషి మిగలడు.

కాకపోతే ఆ 27 మీటర్ల చోటు కింద ఉండాలి. అంటే నీళ్లు దగ్గరయ్యాక కాదు, ముందుగానే అందుకోవాలి. మళ్లీ సమయం దగ్గరికే వచ్చాం చూశారా?

సాలీడు అయితే బతికేది

నిజానికి ఆ రోజు వంతెన మీంచి పడింది సాలీడే అయితే ఏ పోగూ అక్కర్లేదు. నీళ్లమీద తేలిగ్గా దిగి తన దారిన తాను పోయేది. చిన్న జీవులకు ఎత్తు అంటే లెక్కే లేదు. ఈ సంగతిని బ్రిటిష్ శాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ 1926లో ఓ వ్యాసంలో చెప్పాడు. లోతైన గనిలోకి చిట్టెలుకను వదిలితే కాసేపు కంగారుపడి లేచి పోతుంది, పెద్ద ఎలుక చస్తుంది, మనిషి ఎముకలు విరుగుతాయి, గుర్రం గురించి చెప్పకపోవడమే మంచిది. మొదటి మూడూ ఎలా ఉన్నా, గుర్రం గురించి ఆయన రాసింది మాత్రం ఆదివారం పూట ఇడ్లీలు తింటూ చదివేది కాదు. ఈ హాల్డేన్ 1957లో మనదేశానికి వచ్చి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

ఎందుకిలా అంటే... ఏ జీవినైనా పొడవూ వెడల్పూ ఎత్తూ పదేసి రెట్లు పెంచితే చర్మం వైశాల్యం వంద రెట్లు పెరుగుతుంది, బరువు మాత్రం వెయ్యి రెట్లు. గాలి ఆపగలిగేది చర్మం విస్తీర్ణాన్ని బట్టి. భూమి లాగేది బరువును బట్టి. పెద్దయ్యేకొద్దీ ఈ పోటీలో భూమిదే గెలుపు. గెలీలియో 1638 నాటి తన పుస్తకంలోనే ఈ కిటుకు రాశాడు.

ఇదే కిటుకు స్పైడర్‌మ్యాన్‌కూ అడ్డం తిరుగుతుంది. 'సాలీడు తన బరువుకు ఎన్నో రెట్లు ఎత్తుతుంది కాబట్టి మనిషంత సాలీడు కార్లు ఎత్తేస్తుంది' అన్నది కామిక్ లెక్క. కండ బలం దాని మందాన్ని బట్టి ఉంటుంది. సాలీడును వంద రెట్లు పొడుగు చేస్తే బలం పదివేల రెట్లు, బరువు పదిలక్షల రెట్లు. కార్లు ఎత్తడం అటుంచి, తన కాళ్లమీద తాను నిలబడితే గొప్ప.

గోడలెక్కడం సంగతీ చూద్దాం. మన ఇళ్లలో ట్యూబులైటు పక్కన తిష్టవేసే బల్లి కాళ్లకు జిగురు ఉండదు. కంటికి కనబడనంత సన్నటి లక్షలాది వెంట్రుకలుంటాయి. వాటి కొసలకూ గోడలోని అణువులకూ మధ్య పుట్టే అతి చిన్న ఆకర్షణే దాన్ని పట్టి ఉంచుతుంది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు 2016లో పేలంత పురుగుల నుంచి బల్లుల దాకా 225 రకాల జీవుల పాదాలు కొలిచి చూశారు. మనిషి బల్లిలా గోడెక్కాలంటే ఒంట్లో 40 శాతం మేర ఆ అతుక్కునే మెత్తలుండాలని తేల్చారు. పాదాలతోనే సరిపెట్టాలంటే చెప్పుల సైజు యూరప్ లెక్కలో 145! బాటా షాపులో 42 దగ్గరే పెట్టె వెతుక్కోవాల్సి వస్తుంది మనకి. అయితే శాస్త్రవేత్తలు ఊరుకోరుగా. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2014లో అరచెయ్యంత మెత్తలతోనే 70 కిలోల మనిషిని అద్దం గోడ ఎక్కించి చూపించారు. బరువును మెత్త అంతటా సమానంగా పంచడం వాళ్లు కనిపెట్టిన కిటుకు.

ఇక ఊయల. తాడు అడ్డంగా ఉన్నచోట మొదలై వేలాడుతూ అడుక్కి వచ్చేసరికి చెయ్యి మొయ్యాల్సింది తన బరువుకు సరిగ్గా మూడు రెట్లు. తాడు పొడవెంతైనా ఇదే లెక్క. 75 కిలోల వాడైతే రెండు క్వింటాళ్ల పాతిక. చంకలో హీరోయిన్ ఉంటే ఇంకో క్వింటాలున్నర. పాటల్లో చూడటానికి బావుంటుందిగానీ భుజం కీలు ఉండదు.

తలకు దక్కే రెండంగుళాలు

అంత పెద్ద వంతెన, అంత పెద్ద విలన్ అక్కర్లేదు. గ్వెన్‌కు ఎదురైన లెక్క రోడ్డుమీద ఎవరికైనా ఎదురు కావొచ్చు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను గుద్దింది అనుకోండి. సీటు బెల్టు పెట్టుకున్నవాడు కారుతోపాటే ఆగుతాడు. ముందుభాగం రెండడుగులు నలిగితే ఆ రెండడుగులూ అతనివే. కుదుపు 16 రెట్లు. స్టాప్ తట్టుకున్నదానిలో మూడోవంతు. బెల్టు లేనివాడు కారు ఆగిపోయాక కూడా అదే వేగంతో ముందుకు పోయి డ్యాష్‌బోర్డు దగ్గర ఒకట్రెండు సెంటీమీటర్లలో ఆగుతాడు. అక్కడ కుదుపు 500 రెట్లకు దగ్గర. నలిగే కారుని చూసి 'ఇప్పటి కార్లన్నీ రేకుడబ్బాలు, మా అంబాసిడరే గట్టిది' అనే పెద్దాయన ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. గట్టిదే. అందుకే కుదుపంతా లోపలివాళ్లకి పంచేది.

హెల్మెట్ కూడా అంతే. పైన మెరిసే గట్టి చిప్ప చూసి కొంటాంగానీ ప్రాణం కాపాడేది లోపలి థర్మాకోల్. తల రోడ్డుకు తగిలినప్పుడు అది నలిగి, ఆగడానికి కొన్ని సెంటీమీటర్లు అదనంగా ఇస్తుంది. ఒకసారి నలిగిందా, మళ్లీ లేవదు. పైకి చెక్కుచెదరకుండా కనబడినా గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ లోపల ఖాళీ అయిపోయినట్టే. పట్టీ పెట్టుకోకపోతే దెబ్బ తగిలేలోపే అది ఎటో ఎగిరిపోతుంది. మనదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో లక్షా 68 వేలమందికి పైగా చనిపోతే, అందులో నూటికి 44 మంది ద్విచక్రవాహనాల మీద వెళ్తున్నవాళ్లే.

మళ్లీ అదే ఎత్తు నుంచి

స్పైడర్‌మ్యాన్ సినిమాలు తీసినవాళ్లు గ్వెన్‌ను మర్చిపోలేదు. 2002 నాటి తొలి సినిమాలో గ్రీన్ గాబ్లిన్ మళ్లీ వంతెన ఎక్కాడు. ఈసారి ఒక చేతిలో మేరీ జేన్, ఇంకో చేతిలో పిల్లలున్న కేబుల్ కారు. రెండూ వదిలేశాడు. కామిక్ చదివినవాళ్లు ఊపిరి బిగబట్టారు. కానీ ఈ హీరో పోగు విసరలేదు. తానే దూకాడు. ఆమెతోపాటు పడుతూ చేతుల్లోకి తీసుకుని, ఆ తర్వాతే ఊయలలా వంపు తిరిగాడు. పడేవాళ్ల వేగాన్ని అందుకుని, కలిసి పడుతూ, మెల్లగా దారి మళ్లించడం. ఫిజిక్సు మాస్టారు నూటికి నూరు వేసే జవాబు.

2014లో 'ద అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 2'లో మాత్రం గ్వెన్‌కు గ్వెన్ కథే రాశారు. వంతెనకు బదులు గడియారం గోపురం. పోగు ఆమెను అందుకుంది. అప్పటికి నేల బాగా దగ్గరపడిపోయింది. ఆండ్రూ గార్‌ఫీల్డ్ పోషించిన ఆ పీటర్ ఆమెను ఒళ్లో పెట్టుకుని పిలుస్తూనే ఉంటాడు. సినిమా అక్కడితో అయిపోకపోయినా చాలామందికి గుర్తున్నది అక్కడిదాకే.

ఏడేళ్లు గడిచాయి. 2021 డిసెంబరులో 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' వచ్చింది. అందులో ముగ్గురు పీటర్లు కలుస్తారు. స్వేచ్ఛా ప్రతిమ చుట్టూ కట్టిన సారవ మీంచి ఈ కథలోని అమ్మాయి ఎం.జె. జారిపడుతుంది. ఆమె పీటర్ దూకుతాడు, గాబ్లిన్ అడ్డం వచ్చి ఎగరేసుకుపోతాడు. అప్పుడు పక్కనుంచి ఇంకొకడు దూకాడు. 2014లో గ్వెన్‌ను పోగొట్టుకున్న పీటరే. పోగు విసిరి ఆపలేదు. తలకిందులుగా దూకి, ఆమెను రెండు చేతులా పొదివిపట్టుకుని, ఆ తర్వాతే దారం వదిలి, వేగాన్ని వంపులోకి మళ్లించుకుంటూ నేలమీద దిగాడు.

బాగానే ఉన్నావా అని అడిగాడు. ఉన్నానన్నట్టు తలూపిన అమ్మాయి అతని ముఖం చూసి, నువ్వు బాగానే ఉన్నావా అని అడిగింది. అతనికి మాట రాలేదు.